రంగు పోయింది, మరి సీఓడీ ఎందుకు తగ్గట్లేదు?

ప్రశ్న: పటాన్‌చెరు దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీ ఈటీపీలో (వాడిన నీళ్లని శుద్ధి చేసే ప్లాంట్‌లో) పనిచేస్తానండి. ఈమధ్య నీళ్లలోకి ఓజోన్ గ్యాస్ పంపే యూనిట్ పెట్టారు. ముదురు గోధుమరంగు నీళ్లు కాసేపటికే తేటపడుతున్నాయి కానీ ల్యాబ్ రిపోర్టులో సీఓడీ (నీళ్లలోని కాలుష్యాన్ని ఆక్సిడైజ్ చేయడానికి ఎంత ఆక్సిజన్ కావాలో చెప్పే కొలత) పెద్దగా తగ్గట్లేదు. ఓజోన్‌తో పాటు కార్బన్ కూడా వాడితే తగ్గుతుందని ఒకాయన అన్నారు, నిజమేనా? – ఒక పాఠకుడు

జవాబు: చాలావరకు నిజమేనండి. కాకపోతే రంగు పోవడం వేరు, కాలుష్యం పోవడం వేరు. ఓజోన్ అన్నిటి మీదా ఒకేలా పనిచేయదు, డబుల్ బాండ్లు, ఫినాల్ రింగులు, కొన్ని అమీన్లు లాంటి తేలిగ్గా తెగే భాగాలు అణువుల్లో ఉన్నచోట గబగబా కోసేస్తుంది, రంగు కూడా ఎక్కువగా వాటివల్లే కాబట్టి అవి తెగగానే నీళ్లు తేటగా కనిపిస్తాయి. తెగిన ముక్కలు మాత్రం ఆక్సాలిక్, ఎసిటిక్ లాంటి చిన్న యాసిడ్లుగా నీళ్లలోనే ఉండిపోతాయి, ఓజోన్ వీటి జోలికి దాదాపు పోదు.

కార్బన్ పనికొచ్చేది ఇక్కడే. యాక్టివేటెడ్ కార్బన్ (సన్నని రంధ్రాలుండే బొగ్గు) తగిలితే ఓజోన్ విడిపోయి హైడ్రాక్సిల్ రాడికల్స్ అనే ఇంకా చురుకైన కణాలు పుడతాయని 1998లో జాన్స్, హోయిగ్నే అనే పరిశోధకులు చూపించారు. ఓజోన్ ఆక్సిడేషన్ పొటెన్షియల్ (ఎదుటిదాన్ని ఆక్సిడైజ్ చేసే బలం) 2.07 వోల్టులైతే ఈ రాడికల్‌ది దాదాపు 2.8, ఇది ఆక్సాలిక్ యాసిడ్‌ని కూడా వదలదు. అయితే నీళ్లలో బైకార్బొనేట్ అనే లవణం ఎక్కువుంటే రాడికల్స్‌ని అదే మింగేస్తుంది, పైగా వాడేకొద్దీ ఓజోన్ ఆ కార్బన్‌నే ఆక్సిడైజ్ చేసి దాని పవర్ తగ్గించేస్తుంది, అమ్మేవాళ్లు ఈ మాట చెప్పరు కాబట్టి మీరే అడగండి.

కార్బన్ కొనేముందు ఓజోన్ తర్వాత ఒక బయలాజికల్ స్టేజ్ (బ్యాక్టీరియాతో శుద్ధి చేసే దశ) పెట్టి చూడమని నా సలహా, ఆ చిన్న యాసిడ్లని బ్యాక్టీరియా తేలిగ్గా తినేస్తుంది, ఖర్చూ తక్కువ. స్విట్జర్లాండ్‌లో డ్యూబెన్‌డోర్ఫ్ దగ్గరి నొయ్‌గూట్ ప్లాంట్‌లో 2014 నుంచి ఓజోన్ నడుస్తోంది, దాని తర్వాత ఇలాంటి బ్యాక్టీరియా పెరిగే ఇసుక ఫిల్టర్ ఉంటుంది. అప్పటికీ సీఓడీ దిగకపోతే కార్బన్‌కి వెళ్లండి, టీఓసీ (నీళ్లలోని మొత్తం ఆర్గానిక్ కార్బన్) కూడా కొలిపించండి.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణముందండి. 2007లో వచ్చిన స్టడీలో మీ పటాన్‌చెరు ఉమ్మడి ప్లాంట్ శుద్ధి చేసి వదిలిన నీళ్లలోనే సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా ఉంది, ఆ మాత్ర వేసుకున్న మనిషి రక్తంలో ఉండేదానికన్నా ఎక్కువ! అలాంటి నీళ్లలో మందులకి లొంగని బ్యాక్టీరియా పెరుగుతుంది, అందుకే తేటగా ఉన్నాయి కదా అని వదిలేయకూడదు.

ఇంకోటి, ట్యాంకు పైనుంచి బయటికొచ్చే ఓజోన్ గ్యాస్‌ని తడిలేని కార్బన్ గుండా అస్సలు పంపొద్దు, నిప్పంటుకునే ప్రమాదం ఉంది, దానికి డిస్ట్రక్టర్ (ఓజోన్‌ని విడగొట్టే పరికరం) విడిగా పెట్టించండి.