రైజెన్ 5 3600 ఉన్నా విండోస్ 11 ఎక్కడం లేదన్న ప్రశ్నకు సమాధానం

నమస్కారమండీ. రైజెన్ 5 3600 ఉన్న మీ డెస్క్‌టాప్‌లో విండోస్ 11 పనిచేయదన్న సందేశం వస్తోందని, కొత్త మదర్‌బోర్డు కొనాలా అని అడిగారు. కొనవద్దు. ఆ ప్రాసెసర్ మైక్రోసాఫ్ట్ ఆమోదించిన జాబితాలోనే ఉంది, విండోస్ 11కు కావలసిన టీపీఎం 2.0 అనే భద్రతా సదుపాయం ఉండి కూడా చాలా బోర్డుల్లో ఆఫ్ చేసి ఉంటుంది కాబట్టి, ముందుగా దాన్నే అనుమానించాలి. కంప్యూటర్ ఆన్ అవుతుండగా డిలీట్ మీట (కొన్నింటిలో ఎఫ్2) నొక్కుతూ బయోస్‌లోకి (మదర్‌బోర్డు సెట్టింగుల తెర) వెళ్లి, ఎఫ్‌టీపీఎం (ప్రాసెసర్‌లోనే ఉండే టీపీఎం) ఆప్షన్‌ను ఎనేబుల్ చేసి, ఎఫ్10తో సేవ్ చేయండి. సెక్యూర్ బూట్ (నమ్మదగిన సాఫ్ట్‌వేర్‌తోనే కంప్యూటర్‌ను మొదలవనిచ్చే సెట్టింగు) జోలికి మాత్రం తొందరపడి వెళ్లకండి: దాన్ని ఆన్ చేయాలంటే పాత పద్ధతిలో బూట్ కావడానికి వీలిచ్చే సీఎస్‌ఎం సెట్టింగును ఆపాలి, కానీ డిస్క్ ఎంబీఆర్ అనే పాత విభజన పద్ధతిలో ఉన్నప్పుడు, ఫైళ్లు కాపీ చేసుకుని డిస్క్‌ను జీపీటీ అనే కొత్త పద్ధతికి మార్చకుండానే సీఎస్‌ఎంను ఆపేస్తే విండోస్ అసలు మొదలే కాదు. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14నే ముగిసింది గనుక, ఈ పని వాయిదా వేయడం నాకైతే సబబుగా తోచడం లేదు.