స్కాన్ సీడీలు కన్వర్ట్ చేసే ముందు ఒక్క మాట

బిడ్డా,

హనుమకొండ స్కాన్ సెంటర్ల నుంచి ఎంఆర్ఐ సీడీలు వస్తున్నాయని, అన్నిటినీ స్కానర్ ఇచ్చే డైకామ్ ఫార్మాట్ నుంచి మెదడు పరిశోధనలో వాడే నిఫ్టీ ఫార్మాట్‌లోకి మార్చడానికి, కేసులన్నిటినీ వరసగా దానంతటదే నడిపే ఒక లూప్ రాసి రాత్రంతా నడిపిద్దామనుకుంటున్నానని మొన్న ఫోన్‌లో అన్నావు కదా. లూప్ రాయడం నీకు పెద్ద పని కాదు, ఆ విషయంలో నాకు టెన్షన్ లేదు. నా భయమంతా ఒక్కటే. తెర మీద ఎర్రర్ రాలేదు కాబట్టి పని సరిగ్గా అయిందని అనుకుంటావేమోనని. మెదడు రెండు పక్కలా దాదాపు ఒకేలా ఉంటుంది, ఎడమ కుడి తారుమారైనా బొమ్మ చక్కగానే కనిపిస్తుంది, ఆ తప్పు మీ థీసిస్ దాకా ఎవరి కంటా పడకుండా వచ్చేస్తుంది.

ముందు సీడీలో ఉన్నదంతా ఉన్నట్టే హార్డ్ డిస్కులోకి కాపీ చేసి రీడ్ ఓన్లీ పెట్టేయ్. ఎక్స్‌టెన్షన్ లేని ఫైళ్లు వందల్లో ఉంటాయి, చాలా మెషిన్లలో ఒక్కో ఫైలు ఒక్కో స్లైస్, అంటే మెదడులో ఒక పొర బొమ్మ. పేరు చూసి ఇది పనికిరాదని ఏదీ తీసేయకు. సీడీతో పాటు జేపీజీ బొమ్మలు కూడా ఇస్తారు చూడు, వాటిని మాత్రం ముట్టుకోకు, వాటిలో మిల్లీమీటర్లూ ఉండవు, దిక్కులూ ఉండవు.

కన్వర్ట్ చేయడానికి డీసీఎంటూనిక్స్ (dcm2niix) చాలు. క్రిస్ రోర్డెన్ మొదలుపెట్టిన టూల్, ఉచితం, ఉబుంటులో ఆప్ట్‌తోనే దిగుతుంది. మైనస్ జెడ్ వై ఇస్తే ఫైలు జీజిప్ అయి వస్తుంది, మైనస్ ఓ తర్వాత అవుట్‌పుట్ ఫోల్డర్, మైనస్ ఎఫ్ తర్వాత ఫైలు పేరు ఎలా ఉండాలో చెప్పాలి. ఈ మైనస్ ఎఫ్ ఇవ్వకుండా ఎప్పుడూ నడపకు. అది లేకపోతే ఫైలు పేరులో మొదటి ముక్కగా డైకామ్ ఫోల్డర్ పేరే వచ్చి కూర్చుంటుంది, మన దగ్గర స్కాన్ సెంటర్లలో ఫోల్డర్‌కు పేషెంట్ పేరు పెట్టడం మామూలే. స్కాన్ వివరాలతో పక్కనే వచ్చే జేసన్ ఫైల్లోంచి పేరు తీసేసే ఆప్షన్ మొదటి నుంచీ ఆన్‌లోనే ఉంటుంది, కానీ ఫైలు పేరులోనే ఇంటిపేరుతో సహా ఉంటే ఏం లాభం? నువ్వే ఒక కోడ్ నంబర్ పెట్టు, దాని వెనక పర్సెంట్ పీ, పర్సెంట్ ఎస్ పెట్టు, ప్రోటోకాల్ పేరూ సిరీస్ నంబరూ వస్తాయి. కోడ్‌కూ పేషెంట్‌కూ సంబంధం చెప్పే పట్టిక మీ గైడ్ దగ్గర ఉండాలి, నీ ల్యాప్‌టాప్‌లో కాదు. డేటా బయటికి పంపాల్సి వస్తే టీవన్ స్కాన్‌లో, అంటే మెదడు ఆకారం స్పష్టంగా చూపే ఎంఆర్ఐలో, ముఖం కూడా తీసేయాలి, పైడీఫేస్ ఆ పని చేస్తుంది. పేరు తీసేసినా ముఖాన్ని త్రీడీలో తిరిగి గీయొచ్చని మర్చిపోకు.

ఇక దిక్కుల సంగతి. డైకామ్‌లో ఎక్స్ విలువ పేషెంట్ ఎడమ వైపు పెరుగుతుంది, వై వీపు వైపు పెరుగుతుంది. నిఫ్టీలో రెండూ తలకిందులు, ఎక్స్ కుడికి, వై ముందుకు. ఈ లెక్కంతా హెడర్‌లోని, అంటే ఫైలు మొదట్లో వివరాలుండే భాగంలోని, క్యూఫారమ్, ఎస్‌ఫారమ్ అనే మాట్రిక్సుల్లో ఉంటుంది. పాసుబుక్కులో హద్దులు తారుమారైతే పొలం ఎక్కడికీ పోదు కదా, ఇదీ అంతే, వోక్సెల్ నంబర్లన్నీ, అంటే బొమ్మలోని చిన్న చిన్న ఘనాల విలువలన్నీ, భద్రంగానే ఉంటాయి, ఏది ఎటువైపో చెప్పే కాగితమే తప్పు అవుతుంది. ఎఫ్ఎస్ఎల్ అనే మెదడు స్కాన్ల సాఫ్ట్‌వేర్‌లోని ఎఫ్ఎస్ఎల్‌హెచ్‌డీతో హెడర్ తెరిచి ఆ రెండింటి కోడ్లు చూడు. రెండూ సున్నా అయితే ఆ ఫైలును నమ్మకు. ఎక్స్ ఓరియెంట్ దగ్గర రైట్ టు లెఫ్ట్ అని కనిపిస్తే మాత్రం కంగారు పడకు, ఎఫ్ఎస్ఎల్‌తో వచ్చే ప్రామాణిక మెదడు బొమ్మ, ఎంఎన్ఐ టెంప్లేట్ కూడా అలాగే ఉంటుంది. అది డేటా దాచిన క్రమం, తప్పు కాదు.

హెడర్ చూశాక కంటితో కూడా చూడాలి. ఒక్కో స్కానర్ నుంచి, జబ్బు ఒక పక్కనే ఉన్న కేసు ఒకటి తీసుకో, రేడియాలజిస్ట్ రిపోర్టులో ఎడమ అని ఉంటే స్కాన్ బొమ్మలు చూపే ఎఫ్ఎస్ఎల్ ఐస్‌లో ఎల్ అక్షరం ఉన్న వైపే అది కనిపించాలి. రేడియాలజీ పద్ధతిలో పేషెంట్ ఎడమ మన తెరకు కుడి పక్కన వస్తుంది, అందుకే తెర పక్కను కాదు, అక్షరాన్ని చూడు. కొత్తగా స్కాన్ చేయించే వాళ్లుంటే టెక్నీషియన్‌ను అడిగి కుడి కణతకు ఒక విటమిన్ ఇ క్యాప్సూల్ ప్లాస్టర్‌తో అంటించమను, టీవన్‌లో తెల్లగా మెరుస్తుంది, ఇంక వాదనే ఉండదు.

తేడా కనిపిస్తే నిఫ్టీ ఫైలును తిప్పి సరిచేయాలని చూడకు. ఎఫ్ఎస్ఎల్ స్వాప్‌డిమ్ లాంటివి వాడి ఒకటి సరిచేయబోతే ఇంకోటి చెడుతుంది, నీటి కదలికను కొలిచే డిఫ్యూజన్ డేటా అయితే, కొలిచిన దిక్కులు రాసి ఉండే బీవెక్ ఫైలు దానితో పాటు తిరగదు, నరాల దారులన్నీ తప్పు దిక్కులో పోతాయి. మళ్లీ డైకామ్ దగ్గరికే వెళ్లు. అన్నట్టు సెంటర్ వాళ్లు తీసే డిఫ్యూజన్‌తో ట్రాక్టోగ్రఫీ, అంటే ఆ నరాల దారులు గీయడం, చేద్దామని ఆశ పెట్టుకునే ముందు ఒక్కో బొమ్మ డిఫ్యూజన్ బలం రాసి ఉండే బీవాల్ ఫైలు తెరిచి చూడు, దారుల దిక్కు తేల్చే టెన్సర్ లెక్కకు కనీసం 6 దిక్కులూ, ఆ బలం సున్నాగా ఉన్న ఒక బీజీరో బొమ్మా కావాలి, స్ట్రోక్ కోసం తీసినవాటిలో చాలాసార్లు అన్ని ఉండవు.

మెదడు భాగాలను విడదీసి కొలిచే ఫ్రీసర్ఫర్ సాఫ్ట్‌వేర్ నుంచి ఫైళ్లు బయటికి తెచ్చేటప్పుడు ఇంకో జాగ్రత్త. అది అన్నిటినీ 1 మిల్లీమీటర్ వోక్సెల్స్‌తో, ఒక్కో పక్కకు 256 ఉండే ఘనంలోకి మార్చుకుంటుంది. మెదడు భాగాలకు నంబర్లు వేసిన ఏసెగ్ ఫైలును ఎంఆర్ఐ కన్వర్ట్ అనే దాని కమాండ్‌తో పాత గ్రిడ్‌లోకి తెచ్చేటప్పుడు మైనస్ ఆర్ఎల్ ఇచ్చి, ఆ పాత గ్రిడ్ ఉన్న రా యావరేజ్ ఫైలును చూపించు, మైనస్ ఆర్‌టీ నియరెస్ట్ తప్పకుండా పెట్టు. ఎందుకంటే లేబుల్స్‌లో ఎడమ వైట్ మ్యాటర్ 2, ఎడమ అమిగ్డలా 18. వాటి సరిహద్దులో మామూలు ఇంటర్‌పొలేషన్, అంటే పక్క విలువలు కలిపి లెక్కేయడం, చేస్తే సగటు 10 వస్తుంది, 10 అంటే ఎడమ థాలమస్. అమిగ్డలా అంచు చుట్టూ లేని థాలమస్ పుట్టుకొస్తుంది, అది వాల్యూమ్ లెక్కల్లోకి కూడా ఎక్కుతుంది.

డీసీఎంటూనిక్స్ వార్నింగులు ఇస్తే చదవకుండా పోనీయకు, ప్రతి కేసు లాగ్ విడిగా దాచు. ఫైలు పేరు చివర ఈక్యూ అని వచ్చిందంటే స్లైసుల మధ్య దూరం సమానంగా లేదని అర్థం, ఎక్కువగా మధ్యలో కొన్ని స్లైసులు కాపీ కాకపోతే ఇలా అవుతుంది, సీడీ మళ్లీ అడిగి తెచ్చుకో. ఎవరైనా పాత ఎనలైజ్ ఫైళ్లు, అంటే హెచ్‌డీఆర్, ఐఎంజీ జంటలు ఇస్తే వాటి దిక్కును నమ్మొద్దు, అసలు డైకామ్ ఉందేమో అడుగు, లేదంటే ఆ కేసులు వదిలేయ్.

లూప్ ఇప్పుడే వద్దు. ఒక్కో స్కానర్ నుంచి ఒక్క కేసు చేతితో నడిపి, హెడర్ అవుట్‌పుట్, రిపోర్టులో పేరు లేని భాగం రెండూ నాకు వాట్సాప్ చెయ్, ఆదివారం కూర్చుని చూద్దాం.

మీ మామయ్య
కరీంనగర్