మీ పేరు మీద మరొకరి పందెం

అమెరికాలోని అయోవా రాష్ట్రంలో ఎం.ఎస్.లో చేరి మూడు నెలలైన ఒక యువకుని సందేహం ఇది. అదే అపార్ట్‌మెంటులో ఉండే ఇరవై ఏళ్ల కళాశాల ఫుట్‌బాల్ ఆటగాడు, తనకు వయసు చాలదు కనుక వీరి పేరుతో బెట్టింగ్ యాప్‌లో ఖాతా తెరవమంటున్నాడట, నెలకు 200 డాలర్లు ఇస్తాడట. ఊరంతా గౌరవించే ఆటగాణ్ణి కాదనడం మర్యాదేనా అని వీరి ప్రశ్న.

మర్యాద సంగతి తరువాత, ముందు లెక్క చూద్దాం. 2001లో నేను ఒహాయోకు వచ్చిన కొత్తలో, పక్క గది కుర్రాడొకడు తనకు క్రెడిట్, అంటే అప్పులు తీర్చిన చరిత్ర, బాగాలేదని చెప్పి నా పేరు మీద సెల్‌ఫోన్ కనెక్షన్ తీసుకున్నాడు. అతను ఆటగాడు కాడు, ఆటగాళ్ల వెంట తిరిగేవాడు. నాకు అదే గొప్పగా కనిపించి అడిగిన చోటల్లా సంతకం పెట్టాను. మూడు నెలల్లో 1,180 డాలర్ల బిల్లు మిగిల్చి అతను గది ఖాళీ చేశాడు. క్యాంపస్ భోజనశాలలో గంటకు 6 డాలర్లకు గిన్నెలు కడిగేవాణ్ణి కనుక, ఆ బాకీ దాదాపు 200 గంటల కూలి. రూపాయల్లోకి మార్చితే మా నాన్నగారి ఆరు నెలల జీతం. ఇంట్లో చెప్పలేదు, ఎవరినీ అప్పు అడగలేదు, పైసాతో సహా తీర్చాను. ఈ కాలం పిల్లలకు అంత ఓపిక ఉంటుందని నేననుకోను. తీర్చినా ఆ మచ్చ క్రెడిట్ నివేదికలో ఏడేళ్లు నిలిచింది, మొదటి కారుకు ఎవరూ అప్పివ్వలేదు.

ఇక మీ ఆటగాడి విషయం. అయోవాలో పందేలకు కనీస వయసు 21. 2023 ఆగస్టులో అయోవా స్టేట్ విశ్వవిద్యాలయ ఫుట్‌బాల్ జట్టు క్వార్టర్‌బ్యాక్‌పై (జట్టు దాడిని నడిపే ఆటగాడిపై) కేసు పెట్టినప్పుడు, అతను తల్లి పేరు మీద ఉన్న ఖాతాతో వందల పందేలు కాశాడని, వాటిలో సొంత విశ్వవిద్యాలయం ఆటలపై కాసినవి కూడా ఉన్నాయని అభియోగ పత్రంలో రాశారు. చివరకు పెద్ద అభియోగం ఉపసంహరించగా, వయసు రాకుండా జూదమాడినట్లు ఒప్పుకొని 645 డాలర్ల జరిమానా కట్టాడు. మరికొందరు ఆటగాళ్లపై కేసులను 2024 మార్చిలో ప్రాసిక్యూటర్లే ఉపసంహరించుకున్నారు. ఆ క్వార్టర్‌బ్యాక్ ఒక సీజన్ పోగొట్టుకున్నా, తరువాత ఒక కమ్యూనిటీ కళాశాల జట్టులో మళ్లీ ఆడగలిగాడు.

మీకు అలాంటి మరుసటి సీజన్ ఉంటుందా? 2025 వసంతంలో వేలాది విదేశీ విద్యార్థుల సెవిస్ రికార్డులు (వారి హోదాను నమోదు చేసే ప్రభుత్వ వ్యవస్థలోనివి) రద్దు చేసినప్పుడు, వారిలో కేసు కొట్టివేసినవారు, ట్రాఫిక్ జరిమానాతో సరిపోయినవారు కూడా ఉన్నారు. కోర్టుల జోక్యంతో చాలామందికి పునరుద్ధరించారు నిజమే, కానీ లాయరు ఫీజులు తిరిగి ఎవరిచ్చారు? ఎఫ్-1 (విద్యార్థి వీసా) నియమాలు మీ విశ్వవిద్యాలయం అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయంలో అడిగి తెలుసుకోవచ్చు, వాటిని ఇక్కడ ఏకరువు పెట్టను.

డబ్బు కోణం మాత్రం ఇంకొకటి చెప్పాలి, ఎందుకంటే మన పిల్లలు దీన్ని ఎన్నడూ లెక్కించరు. ఖాతా మీ పేరున ఉంటే గెలుపూ మీ పేరునే నమోదవుతుంది, పన్ను పరంగా అమెరికా నివాసి కాని వారి జూదపు గెలుపు మీద పన్ను 30 శాతం. అతను గెలుచుకుపోతాడు, పన్ను మీరు కడతారు. 200 డాలర్లలో దానికెంత మిగులుతుంది?

ఆటగాడికి డబ్బు దారి లేదని జాలి పడవలసిన పనీ లేదు. ఒకప్పుడు ఆ దారి మూసి ఉండేది: ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయ ఫుట్‌బాల్ ఆటగాళ్లు తమ ఉంగరాలను, జెర్సీలను డబ్బుకూ పచ్చబొట్లకూ ఇచ్చినందుకు 2010లో ఐదుగురికి ఐదేసి ఆటల నిషేధం పడింది, మరుసటి ఏడాది కోచ్ జిమ్ ట్రెసెల్ రాజీనామా చేశారు. కానీ 2021 జులై నుంచి ఆటగాళ్లు తమ పేరు, రూపం ప్రకటనల వంటివాటికి అమ్ముకోవచ్చు. 2025-26కు ఒక్కో విశ్వవిద్యాలయం వారికి 2 కోట్ల 5 లక్షల డాలర్ల వరకు పంచవచ్చు. తన పేరు అంత ఖరీదైనది కనుకనే అతను మీ పేరు అడుగుతున్నాడు.

వీసా వల్ల కుదరదని ఒక్క వాక్యంలో చెప్పండి. ఇప్పటికే సోషల్ సెక్యూరిటీ నంబరు ఇచ్చి ఉంటే ఈ రాత్రే ఆ ఖాతా మూయించి, అప్పుల చరిత్ర నమోదు చేసే మూడు క్రెడిట్ బ్యూరోలలోనూ, మీ పేరు మీద కొత్త అప్పు పుట్టకుండా, ఫ్రీజ్ పెట్టించండి, అది ఉచితమే.