జీఏడీ టెస్టు సరే, ముందు కీటోన్లు చూపించుకోండి

ప్రశ్న: నా వయసు 34. షుగర్ బయటపడి 14 నెలలైంది. మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ వాడుతున్నా హెచ్‌బీఏ1సీ 8.1 నుంచి 10.4కు పెరిగింది. బరువు 66 కిలోల నుంచి 59కి తగ్గాను. రెండు వారాలుగా మా అన్నయ్య వాడే డాపాగ్లిఫ్లోజిన్ కూడా వేసుకుంటున్నా, షుగర్ కాస్త దిగింది. డాక్టరు జీఏడీ యాంటీబాడీ టెస్టు రాశారు. పరగడుపునే ఇవ్వాలా? నెగటివ్ వస్తే ఇన్సులిన్ అక్కర్లేనట్టేనా?

జవాబు: పరగడుపు అక్కర్లేదు, ఎప్పుడైనా ఇవ్వొచ్చు. ఒంటి రక్షణ వ్యవస్థే క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాలపై దాడి చేసే టైప్-1 షుగరా అని చూసే రక్తపరీక్ష ఇది. నాకు భయం వేసింది టెస్టు గురించి కాదు, మీ అన్నయ్య మాత్ర గురించి.

డాపాగ్లిఫ్లోజిన్ గ్లూకోజును మూత్రంలోకి పంపించేస్తుంది. మీటరులో అంకె దిగింది అందుకే. ఒంట్లో ఇన్సులిన్ కొరత ఉంటే అది అలాగే ఉంటుంది, కొవ్వు కరిగి కీటోన్లు అనే ఆమ్లాలు పేరుకుంటూనే ఉంటాయి. మామూలుగానైతే షుగర్ బాగా పెరిగి హెచ్చరిస్తుంది. ఈ మాత్ర వేసుకునేవాళ్లకు 200 లోపు ఉన్నా కీటోఅసిడోసిస్ (కీటోన్లతో రక్తం ఆమ్లంగా మారి ప్రాణం మీదికి వచ్చే స్థితి) రావచ్చు. మీ అన్నయ్య క్లోమంలో ఇన్సులిన్ సరిపడా ఉండి ఉండొచ్చు. మీకూ ఉందని ఎవరు చెప్పారు? 7 కిలోలు తగ్గడం చూస్తే లేదేమోననే నా అనుమానం. ఆ మాత్ర ఈరోజే ఆపి, మీ డాక్టరుకు దాచకుండా చెప్పండి. మిగతా రెండూ మీ అంతట మీరు ఆపొద్దు.

కీటోన్లు మూత్రం స్ట్రిప్‌తో కన్నా రక్తంలో చూడటం మేలు. 1.5 మిల్లీమోల్స్ దాటితే అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి, 3 దాటితే ఎమర్జెన్సీ. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం ఉంటే అంకెల కోసం ఆగొద్దు. మాత్ర ఆపాక కూడా కొన్ని రోజులు ఈ ముప్పు ఉంటుంది.

ఇక టెస్టు సంగతి. పెద్దవాళ్లలో ముందు జీఏడీ చేస్తారు. నెగటివ్ అయితే ఐఏ-2, జింక్ ట్రాన్స్‌పోర్టర్-8 అనే మరో రెండు యాంటీబాడీ టెస్టులు కూడా చేయించాలి. మూడూ నెగటివ్ వచ్చినా టైప్-1 కాదని తేల్చలేం: పెద్దవయసులో టైప్-1 వచ్చినవాళ్లలో 5-10 శాతం మందికి ఏ యాంటీబాడీ కనిపించదు. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వాడుతుంటే ల్యాబ్‌లో ముందే చెప్పండి, కొన్ని పద్ధతుల్లో ఫలితం తారుమారవుతుంది. ఇన్సులిన్ యాంటీబాడీ టెస్టు మాత్రం ఇంజెక్షన్లు మొదలై రెండు వారాలు దాటాక చేయించి లాభం లేదు, ఇంజెక్షన్‌కే యాంటీబాడీలు పుడతాయి.

మీ క్లోమం సొంతంగా ఎంత ఇన్సులిన్ తయారుచేస్తోందో చెప్పే సీ-పెప్టైడ్ టెస్టు గురించి మీ డాక్టరును అడగండి. తిన్న 5 గంటల్లోపు, అదే శాంపిల్‌లో గ్లూకోజు కూడా చూడాలి. లీటరుకు 200 పికోమోల్స్ (మిల్లీలీటరుకు 0.6 నానోగ్రామ్) లోపుంటే టైప్-1 వైపు మొగ్గుతాం. 200-600 మధ్య వస్తే ఏదీ తేలదు. షుగర్ విపరీతంగా పెరిగి ఆసుపత్రిలో చేరాల్సి వస్తే రెండు వారాలు ఆగి చేయించాలి, లేకపోతే తప్పుడుగా తక్కువ చూపిస్తుంది.

రెండు మాత్రల మీద 10.4, పైగా బరువు తగ్గుతోంది. ఇలాంటప్పుడు ఇన్సులిన్‌కు రిపోర్టు కోసం ఆగరు. మోతాదు మిమ్మల్ని చూసిన డాక్టరే చెప్పాలి. జీఏడీ పాజిటివ్ వస్తే మళ్లీ మళ్లీ చేయించకండి, ఆ అంకె ఎక్కువా తక్కువా అన్నదాన్ని బట్టి వైద్యం మారదు. థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్ మాత్రం చేయించండి.