అద్దం ముందు పదిహేడు మాత్రలు

చిరంజీవి మేనకోడలికి ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. యాభై రెండో పుట్టినరోజు ఫొటోలో నన్ను నేనే గుర్తుపట్టలేకపోయానని బాధపడి, ముడతలను మేఘాలతో పోలుస్తూ ఆ బాధ మీద మూడు పంక్తులు అల్లి, వాటిని హైకూ అనవచ్చునా అని అడిగావు. అనకూడదు. అందులో ఋతువు లేదు, మనిషే ఉంది. అటువంటిదాన్ని జపానువారు సెన్ర్యూ అంటారు. కొలత హైకూలాగే మూడు పంక్తుల్లో వరుసగా 5-7-5 మాత్రలు. ఋతువును సూచించే పదం మాత్రం తప్పనిసరి కాదు. 18వ శతాబ్దంలో, నేటి టోక్యో అయిన ఎడో నగరంలో పద్యాల పోటీలకు తీర్పరిగా ఉన్న కరాయ్ సెన్ర్యూ పేరే దీనికి నిలిచింది. రాసినవాళ్ళ పేర్లు చాలావరకు పోయి, ఎంచినవాడి పేరు మిగలడం నాకెప్పుడూ వింతగానే ఉంటుంది.

నువ్వు సెన్ర్యూతోనే మొదలుపెట్టు. జపానులో 2001 నుంచి వృద్ధాశ్రమాల సంఘమొకటి ముసలితనం మీద సెన్ర్యూల పోటీ నడుపుతోందంటే, నరిసిన తలలు తమను చూసి తామే నవ్వుకోవడానికి ఈ రూపం ఎంత అనువైనదో ఊహించు. పదకొండేళ్ళపాటు మూడు వారాలకొకసారి పాపిట పక్కన తేలే తెల్లగీతను దాచిన నేను, ఒక ఆదివారం ఇలా రాసుకున్నాను:

రంగు ఆరనే లేదు
కాలింగ్ బెల్ మోగింది —
తలుపు చాటున నేను

ఇది రాశాక కూడా ఆరు నెలలు రంగు వేశాను, అబద్ధమెందుకు? కాని డబ్బా తీసినప్పుడల్లా నవ్వొచ్చేది. చివరకు మాన్పించింది ఆ నవ్వే.

అక్షరాల లెక్కతో కుస్తీ పట్టకు. జపానువారు లెక్కించేది మన అక్షరాన్ని కాదు, దాదాపు మన మాత్రను: దీర్ఘానికి రెండు, నకారప్పొల్లుకూ ద్విత్వంలోని మొదటి హల్లుకూ విడిగా ఒక్కొక్కటి. ‘నిప్పొన్’ వారికి నాలుగు. మన ఛందస్సులోనూ రెండు గురువులు, నాలుగు మాత్రలే. అయితే ఉత్పలమాల ఒక్క పాదానికే 28 మాత్రలు పట్టే మన భాషను 17లో ఇరికిస్తే ఊపిరాడదు. మూడు పొట్టి పంక్తులు, ఒక విరుపు, అంతే చాలు.

అసలు చిక్కు నీ ‘ముడతల మేఘాల’ దగ్గర ఉంది. హైకూ మహాకవి బషో 1691లో, మరణానికి మూడేళ్ళ ముందు, తన ఒంటి క్షీణత గురించి రాస్తూ దేనితోనూ పోల్చలేదు. తింటున్న సముద్రపు నాచులో ఇసుక పంటికి తగిలిందన్నాడు. చదివినవాడి పన్ను జివ్వుమంటుంది. నువ్వు కూడా పోలిక మాని, కంటికి కనబడినదాన్ని రాయి. హైకూయే కావాలంటే మన ఋతువును తెచ్చుకో:

మల్లెల కాలం —
మూర పట్టిన జడకు
జానెడు చాలు

నవ్వుకు లొంగని దిగులు ఉంటే, ఏడేసి మాత్రల పంక్తులు మరో రెండు కలిసే తంకా అనే పద్యరూపం ఉంది. వాన కురవడాన్నీ వయసు మళ్ళడాన్నీ ఒకే మాటలో శ్లేషించి, పూల రంగు వెలిసిందని 9వ శతాబ్దంలోనే ఒనో నో కొమాచి అనే జపాను కవయిత్రి ఒక తంకాలో వాపోయింది. దాని జోలికి ఇప్పుడే పోకు.

మేఘాలు కొట్టేసి, ఆ ఫొటోలో మొదట నీ కన్ను ఎక్కడ ఆగిందో, గడ్డం కిందా, మెడ మీదా, అది మాత్రమే రాసి పంపు.

ఇట్లు,
మీ అత్తయ్య