కోడ్ లేని కార్టన్ పెట్టి చూడు

అమ్మలూ,

పాశమైలారంలో మందుల ప్యాకింగ్ లైన్‌కి కోడ్ చదివే స్కానర్ పెట్టి, లైన్‌ని నడిపే చిన్న కంప్యూటర్‌కి, అదే పీఎల్‌సీకి, కలిపే పని నీ ఒక్కదానికే అప్పజెప్పారని మీ నాన్న నిన్న ఫోన్‌లో చెప్పాడు. వాడి గొంతులో సంతోషం విని నాకూ కడుపు నిండింది. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

వైరింగ్ నీకు తెలిసిందే. బిల్లింగ్ కౌంటర్లో వాడే యూఎస్‌బీ స్కానర్ తేకు. అది కీబోర్డులా టైప్ చేస్తుంది, మామూలు పీఎల్‌సీకి పనికిరాదు. ఆర్‌ఎస్-232 సీరియల్ పోర్టు గానీ ఈథర్నెట్ గానీ ఉన్నది తీసుకో. సీరియల్ అయితే ఇటు పంపే టీఎక్స్‌ని అటు అందుకునే ఆర్‌ఎక్స్‌కి కలుపు. పంపే వేగం 9600 పెడితే రెండు వైపులా 9600 ఉండాలి. కేబుల్ 15 మీటర్లు దాటనివ్వకు, మోటారు వేగం మార్చే వీఎఫ్‌డీ నుంచి మోటారుకు పోయే కేబుల్ పక్కన అస్సలు వేయకు. ముందు ల్యాప్‌టాప్‌కి తగిలించి, కోడ్ అయిపోయిందని తెలిపే గుర్తు, క్యారేజ్ రిటర్న్, చివర వస్తోందో లేదో నీ కళ్లతో చూసుకో.

ఇప్పుడు చెప్పేది మీ పెద్దమ్మకి కూడా పూర్తిగా చెప్పలేదు.

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో నేనూ ఇలాంటి లైనే కట్టాను. కార్టన్ సెన్సార్ ముందుకు రాగానే స్కానర్ చదవాలి, పీఎల్‌సీ దాన్ని బ్యాచ్ కోడ్‌తో పోల్చాలి, తేడా ఉంటే ఎయిర్ సిలిండర్ పక్కకి నెట్టాలి. వేరే కోడ్ ఉన్న కార్టన్ పెట్టి మేనేజర్‌కి చూపించాను. టక్కున నెట్టేసింది. అందరూ చప్పట్లు కొట్టారు. కోడే కనబడని కార్టన్ పెట్టి చూడాలని నాకు తోచలేదు.

మూడో వారం, రెండో షిఫ్టు. లైన్ చివర పెట్టెలు సర్దే అక్క ఒక కార్టన్ పట్టుకుని వచ్చింది. "సార్, దీని గీత రంగు వేరుగా ఉంది" అంది. 500 మిల్లీగ్రాముల బ్యాచ్ నడుస్తుంటే ఆమె చేతిలో 250 కార్టన్. పాత బ్యాచ్‌లో మిగిలింది కట్టలో కలిసిపోయింది. దాని కోడ్ ఇంకో పక్క ముద్రించి ఉండటంతో స్కానర్‌కి కనబడలేదు. చదవలేదు కాబట్టి ఏమీ పంపలేదు. ముందు కార్టన్ కోడ్ పీఎల్‌సీ మెమరీలో అలాగే కూర్చుని ఉంది. నా ప్రోగ్రాం దాన్నే మళ్లీ పోల్చి, సరిపోయిందని పంపేసింది.

ఆ రాత్రి కట్టిన పెట్టెలన్నీ విప్పాం. ఇంకో రెండు దొరికాయి. లోపల 500 మాత్రలు, పైన 250 అని. అది చూసి రెండేసి మింగేవాళ్లు ఉండరా? మీ నానమ్మకి చదువు రాదు, అట్ట రంగు చూసే బీపీ మాత్ర వేసుకునేది. తెల్లారేదాకా ఆమె ముఖమే కళ్లముందు ఆడింది.

అన్ని కార్టన్ల మీదా ఒకే కోడ్ కదా, వచ్చింది పాతదో కొత్తదో కోడ్‌ని బట్టి చెప్పలేం. అందుకని సెన్సార్ తగలగానే ముందు మెమరీని సున్నాలతో తుడిచెయ్యి, తర్వాతే స్కానర్‌కి ట్రిగ్గర్ ఇవ్వు. టైమర్ అయ్యేలోగా కోడ్ రాకపోతే ఆ కార్టన్‌ని సిలిండర్ పక్కకి నెట్టేయాల్సిందే. చదవలేకపోతే 'నో రీడ్' అని పంపేలా స్కానర్‌లో సెట్ చెయ్యి. అది కూడా రాలేదంటే కేబులో స్కానరో పోయినట్టు, లైన్ ఆపెయ్యి. నెట్టిన కార్టన్ నిజంగా డబ్బాలో పడిందో లేదో చూడటానికి అక్కడ ఇంకో సెన్సార్ అడుగు. ఖర్చంటారు, వదలకు.

నువ్వు చిన్నప్పుడు లెక్క అందరికన్నా ముందే చేసి, తిరిగి చూసుకోకుండా పేపర్ ఇచ్చేసేదానివి. ఎన్నిసార్లు తిట్టానో! ఆ చురుకుదనమే నాకు ఇష్టం, ఆ తొందరే భయం. ఎయిర్ కట్ చేయకుండా సిలిండర్ దగ్గర చెయ్యి పెట్టావని తెలిసిందా, నేనే బస్సెక్కి వస్తాను. చున్నీ ముడేసుకో, జడ లోపలికి దోపుకో.

ట్రయల్ రోజున కోడ్ మీద తెల్ల స్టిక్కర్ అంటించిన కార్టన్ ఒకటి, మంచి కార్టన్ల మధ్యలో పెట్టు. నెట్టిందో లేదో ఫోన్ చేసి చెప్పు. ఎంత రాత్రయినా మేలుకునే ఉంటాను.

మీ పెదనాన్న