గుమ్మం ఎక్కకు

నాన్నా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి "నీ గాలే వాడికీ సోకింది అక్కా" అని ఒకటే ఏడుపు. బ్యాంకు పరీక్షలు రాస్తాడనుకున్న కొడుకు హెచ్ఐవీ ప్రాజెక్టులో అవుట్‌రీచ్ వర్కర్‌గా చేరాడని విని అన్నం కూడా తినలేదట. దానికి నచ్చజెప్పి పడుకోబెట్టాను కానీ, నేను మాత్రం లైటు వేసుకుని తెల్లవారేదాకా కూర్చున్నాను. పొద్దున పాలబ్బాయితో "మా చెల్లెలి కొడుకు నా పనిలోనే చేరాడు" అని గొప్పగా చెప్పాను. ఏం పనో చెప్పలేదనుకో.

నీకు తెలిసినవి ముందు కానిచ్చేస్తాను. ఎవరినీ పరీక్షకు పంపకు, వెంట వెళ్లు. మొదటి కిట్‌లో తేడా కనిపించినంత మాత్రాన పాజిటివ్ అనరు, మూడు రకాల కిట్లతో చూశాకే చెబుతారు. అంతసేపూ పక్కనే ఉండు. తేలితే వీలైనంతవరకు ఆ రోజే హెచ్ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రం మెట్లు ఎక్కించు. "రేపు వస్తా" అన్నవాళ్ల కోసం నేను చాలా రేపులు ఎదురుచూశాను. మందులు ఉచితం. ఆరు నెలలకు, రక్తంలో వైరస్ ఎంత ఉందో చూసే వైరల్ లోడ్ పరీక్ష. మందులు మానకుండా వేసుకుని, రక్తంలో వైరస్ పరీక్షకు అందనంత తగ్గి అలాగే నిలిస్తే, లైంగికంగా ఇంకొకరికి సోకదు. ఈ మాట మొదటిరోజే చెప్పు, మా తొలిరోజుల్లో ఇలా చెప్పే భాగ్యం మాకు లేదు. రాత్రి బండి మీద వెళ్తే హెల్మెట్ పెట్టుకో.

నీకు మండీబజార్ వైపు కుర్రాళ్లను అప్పగించారని విన్నాను. రిజిస్టర్‌లో వాళ్లను ఎంఎస్ఎం అని, అంటే మగవాళ్లతో సంబంధం ఉన్న మగవాళ్లని, రాస్తారు. ఆ మూడక్షరాలను ఆఫీసులోనే వదిలేసి వెళ్లు. వాళ్లలో ఒకడు తనను గే అని చెప్పుకుంటాడు, ఒకడు తనకు ఏ పేరూ పెట్టుకోడు, ఇంకొకడికి వచ్చే నెలలో నిఖా. అందరికీ ఒకటే భయం, గల్లీకి తెలుస్తుందని. ఆసుపత్రి వరుసలో వాళ్ల ముస్లిం పేరు గట్టిగా పిలిస్తే చాలు, పదిమంది తల తిప్పి చూస్తారు. ఆ చూపు నీకూ నాకూ తగలదు, మన పేర్లు అలాంటివి.

ఇక నేను చేసిన తప్పు చెబుతాను. మీ అమ్మకు కూడా తెలియదు.

2009. ఆ కుర్రాడికి ఇరవై రెండేళ్లు, వెల్డింగ్ షాపులో పని. చేతులనిండా నిప్పురవ్వల మచ్చలు. నన్ను ఖాలా అని పిలిచేవాడు. అప్పటి మందులు పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, పన్నెండు గంటల తేడాతో వేసుకోవాలి. ఒంట్లో రోగాన్ని తట్టుకునే శక్తిని చూపే సీడీ4 కణాల లెక్క 380 దాకా పెరిగింది. రంజాన్ నెల వచ్చింది, వాడు రావడం మానేశాడు. మందులకు రానివాళ్ల జాబితాలో వాడి పేరుకు ఎర్రగీత పడింది. నాకు ఆ గీతలంటే పౌరుషం. చిరునామా తీసుకుని, మెడలో గుర్తింపు కార్డు వేలాడుతుండగానే బయలుదేరాను.

వాళ్లమ్మ చాప వేసి కూర్చోబెట్టింది. తను ఉపవాసంలో ఉండి కూడా నాకు చాయ్ పెట్టింది. "ఆసుపత్రి నుంచి వచ్చాను, మీవాడికి నీరసం కదా" అని ఏదో అబద్ధం అల్లాను. ఆమె లేచి అటక మీది పెట్టెలోంచి ఒక డబ్బా తెచ్చింది. దాని లేబుల్‌ను గోటితో గీకేసి ఉంది, జిగురు మాత్రం మిగిలింది. చెవి దగ్గర పెట్టుకుని గలగలలాడించి, "బలం మందంటాడు, రోజాలు మొదలైన దగ్గర్నుంచి ముట్టలేదు. నిజంగా బలం మందేనా?" అని అడిగింది. సరిగ్గా అప్పుడే పక్కింటి కోడలు గడపలోకి వచ్చింది. గర్భిణులందరికీ హెచ్ఐవీ పరీక్ష చేస్తారు కదా, మూడు నెలల ముందు ఆ పరీక్షకే వచ్చి నా గదిలో, నా ఎదురుగా కూర్చున్న మనిషే. నన్ను చూసింది, డబ్బా చూసింది. ఏమీ అనలేదు. చాయ్ గొంతు దిగలేదు నాకు.

రెండు రోజుల్లో గల్లీ అంతా పాకింది. వాడు కాజీపేటలో రైలెక్కి వెళ్లిపోయాడు.

మూడేళ్లకు మహారాష్ట్రలోని ఒక ఏఆర్‌టీ కేంద్రం నుంచి ఫోన్ వచ్చింది, పాత రికార్డులు కావాలని. వాడు తన రిజిస్ట్రేషన్ నంబరు అంకె తప్పకుండా నోటితో చెప్పాడట. సీడీ4 41. "నాకేమైనా చెప్పమన్నాడా?" అని అడిగాను. లేదన్నారు.

రోజా ఉంటావా, ఉంటే మాత్ర ఎప్పుడు వేసుకుంటావు అని ఒక్కసారి ముందే అడిగి, సహరీకి, ఇఫ్తార్‌కు మాత్రల వేళలు ఎలా మార్చాలో డాక్టరుతో మాట్లాడి ఉంటే, నేను ఆ గుమ్మం ఎక్కాల్సిన పనే ఉండేది కాదు. ఇప్పుడు డోలుటెగ్రావిర్ కలిసిన మాత్ర రోజుకు ఒక్కటే కనుక మీకు సులువు. కానీ ఇఫ్తార్‌లో నూనె సరుకులు తిని మంటకు గ్యాస్ మందు తాగుతారు, మాత్ర వేసుకున్న రెండు గంటల దాకా అది తాగవద్దని చెప్పు. మొదటి కలయికలోనే అడుగు: ఫోన్ చేయవచ్చా, ఏ వేళ చేయాలి, ఇంకెవరైనా ఎత్తితే నేనెవరినని చెప్పాలి, రాకపోతే ఎక్కడ వెతకాలి. వాడు చెప్పిన చోటే కలువు. నీకు ఎంత దూరమైనా సరే.

2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు మగవాళ్ల మధ్య ఇష్టపూర్వక సంబంధాన్ని నేరమనే 377 సెక్షన్ భయం తీసేసింది, నాలుగు రోజులకు, 10న, హెచ్ఐవీ చట్టం అమల్లోకి వచ్చింది. నమ్మి చెప్పిన ఒకరి హెచ్ఐవీ స్థితిని వారి అనుమతి లేకుండా బయటపెట్టడం ఇప్పుడు చట్టవిరుద్ధం. నాకు తెలిసి ఆ పక్కింటి కోడలిలాంటి వాళ్లెవరూ ఆ చట్టం చదవలేదు.

మేము స్టేషన్ల దగ్గర, పార్కుల్లో వెతికేవాళ్లం. ఇప్పుడు అంతా ఫోన్‌లోనే కలుస్తారట. దొంగ పేరుతో రప్పించి, ఫోటోలు తీసి డబ్బు గుంజేవాళ్లు ఉన్నారు, కుర్రాళ్లకు చెప్పు. నువ్వు కూడా! నీ ముఖం కనిపించే ఫోటో పెట్టుకుని ఆ యాప్‌లలో తిరగకు. తిడుతున్నాననుకోకు. పోయిన బతుకమ్మకు తంగేడు పూలు పేరుస్తూ నాతో నువ్వు చెప్పిన మాట నా దగ్గరే ఉంది. మీ అమ్మకు చెప్పలేదు. అది ఎప్పుడు చెప్పాలో, అసలు చెప్పాలో వద్దో నీ ఇష్టం. ఆ కుర్రాళ్లు నిన్ను నమ్మడానికి నీ కథంతా విప్పనక్కర్లేదు కూడా.

మీ పెదనాన్న హనుమకొండ వస్తున్నాడు, నా పాత సంచి ఇచ్చి పంపుతున్నాను. బట్టల షాపు సంచి, రంగు వెలిసింది. చూసినవాళ్లు చీర ఫాల్స్ కుట్టించడానికి పోతున్నావనుకుంటారు, అదే కావాలి. ఐడీ కార్డు అందులోనే పెట్టుకో. దూది పొట్లం కూడా పెట్టాను. మందు డబ్బా ఇచ్చేటప్పుడు మూత తీసి కొంచెం కుక్కు, జేబులో చప్పుడు కాదు.

మీ పెద్దమ్మ